రాడార్ డిటెక్టరా, ఫోన్‌లో మ్యాపా?

నెల్లూరు నుంచి ఒంగోలుకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెళ్లే కారువాళ్లు రాడార్ డిటెక్టర్, అంటే పోలీసుల స్పీడ్ గన్‌ను పసిగట్టి మోగే పరికరం, కొనాలా అని అడుగుతుంటారు. నేనైతే వద్దనే అంటాను.

డిటెక్టర్ పట్టేది రాడార్ స్పీడ్ గన్ పంపే రేడియో తరంగాలను. కానీ మన పోలీసుల స్పీడ్ గన్‌లలో లేజర్‌వి చాలా ఉన్నాయి. లేజర్ కిరణం సన్నగా నేరుగా మన బండి మీదే పడుతుంది, క్షణంలో వేగం తేలిపోతుంది. లేజర్‌ను కూడా పసిగట్టే డిటెక్టర్ ఉన్నా, అది మోగేసరికి కొలవడం అయిపోతుంది. రాడార్‌తో కొలిచేచోట కొంత ముందే చెబుతుంది, నిజమే. కానీ షాపుల ఆటోమేటిక్ తలుపులకు, పక్క కార్ల సెన్సర్లకూ అరుస్తుంది. ఆ టెన్షన్ ఎందుకు?

గూగుల్ మ్యాప్స్‌లో స్పీడోమీటర్ ఉచితం. అదీ అక్కర్లేదనుకుంటే, 2019 జూలై తర్వాత తయారైన కార్లలో 80 దాటితే బీప్ వస్తుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. చాలామంది దాన్ని విసుగనుకుంటారు, నాకు మాత్రం అదే ఇష్టం. కావలి దాటాక ఖాళీ రోడ్డులో యాక్సిలరేటర్ మీద కాలు తెలియకుండానే బరువెక్కుతుంది. ఊళ్ల దగ్గర రోడ్డు దాటే గేదెల గురించి ఏ డిటెక్టరూ చెప్పదు. ఆ డబ్బుతో అరిగిన టైర్లు మార్పించుకోండి.