ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు: డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఆరేళ్లు

మా ఇల్లు విజయనగరంలో, మూడు లాంతర్ల నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. ఆ ఇంటి భోజనాల బల్ల మీద 2019 నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ ఎడిషన్ ఆడుతున్నాము. మొత్తం ఆరుగురం. ఆట నడిపించే ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. అందుకే డంజన్ మాస్టర్ అన్న బిరుదులో మొదటి సగం మా దగ్గర ఎప్పుడో రాలిపోయింది.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఒకరు కథ చెబుతారు, మిగతావారు తలా ఒక పాత్ర వేసుకుంటారు, ఏదైనా చేయబోతే అది ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. మేము ఆడుతున్న నియమాలు 2014 నాటివి. వాటి మంచిచెడ్డలు చెప్పేవారు చాలామంది ఉన్నారు కాబట్టి నేను గడియారం సంగతికే పరిమితమవుతాను. ఒక సిట్టింగ్ ఎంతసేపు ఉండాలి, ఏళ్ల తరబడి సాగే కథను ఏ వేగంతో నడపాలి అన్నదే ఇక్కడ విషయం. (సిట్టింగ్ అన్న మాట విని మా అత్తగారు మొదటి ఏడాదంతా పేకాటే అనుకున్నారు. బల్ల మీద డబ్బులు కనబడకపోయేసరికి ఆవిడ అనుమానం ఇంకా ముదిరింది.)

మొదటి ఏడాది ఆదివారాలు మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చునేవాళ్లం. ఆరు గంటలు! చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. అందులో ఆట మూడున్నర గంటలకు మించేది కాదు. మిగతాదంతా పుణుగులు, టీ, ఎవరి ఆఫీసు గొడవ వారిది. పైగా ఆ చివరి గంటన్నరలో తీసుకున్న నిర్ణయాల్లో ఒక్కటీ తిన్నగా లేదు. ఒకసారి ఎనిమిదిన్నరకు, అందరూ ఆవలిస్తుండగా, మా బావ ఊరి పెద్ద ఇంటికే నిప్పు పెట్టాడు. ఆ తప్పు కడుక్కోవడానికి కథలో మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ ఏడాది వారం విడిచి వారం చొప్పున 26 సిట్టింగులు అనుకుంటే జరిగినవి 11. ఆదివారం మొత్తం ఆటకు రాసివ్వడం పిల్లలున్న ఇంట్లో ఎవరి తరమూ కాదు. రానివాళ్లు రాలేమని చెప్పేవారు కాదు, ఫోను ఎత్తేవారు కాదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి ఆట వీడియో కాల్‌లోకి మారింది. గంటన్నర దాటితే కళ్లు మండేవి. ఆట రుచి సగమే మిగిలినా, గంటన్నరలో కూడా కథ ఒక మెట్టు ఎక్కుతుందని అప్పుడే తెలిసింది.

2021లో మళ్లీ బల్ల చుట్టూ చేరినప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది: శనివారం విడిచి శనివారం, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర. ఆరుగురిలో నలుగురు వస్తే ఆట ఉన్నట్టే. ఎనిమిదిన్నరకు కత్తి గాలిలో ఉన్నా సరే పుస్తకం మూసేస్తాము. ఈ గంట మేము ముహూర్తం చూసి పెట్టలేదు. మాలో ఒకరు విశాఖపట్నం నుంచి వస్తారు, తొమ్మిదింటికల్లా ఆయన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు పట్టుకోవాలి. ఆయన బస్సే మా అందరికీ క్రమశిక్షణ నేర్పింది. అప్పటి నుంచి ఇప్పటికి 78 సిట్టింగులు అయ్యాయి. అంటే 195 గంటలు.

ఇక్కడే పుస్తకంతో నాకు పేచీ. పాత్ర బలం పెరిగే మెట్లను లెవెల్ అంటారు, ఒకటి నుంచి ఇరవై దాకా. ఆట నడిపేవారి కోసం రాసిన 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ ఒక లెక్క చెబుతుంది: మొదటి సిట్టింగ్‌తో రెండో లెవెల్, మరొకదానితో మూడు, ఇంకో రెండింటితో నాలుగు, అక్కడి నుంచి ప్రతి లెవెల్‌కూ రెండు మూడు సిట్టింగులు. సిట్టింగ్ అంటే సుమారు నాలుగు గంటలని వాళ్ల ఊహ. ఒక శనివారం మాస్టారు బోర్డు మీద రాసినట్టే చేసి చూపించారు: ఇరవయ్యో లెవెల్ చేరడానికి 36 నుంచి 52 సిట్టింగులు, 144 నుంచి 208 గంటలు. ఆ లెక్కన ఈపాటికి మేము శిఖరం దగ్గర ఉండాలి. ఉన్నది తొమ్మిదో లెవెల్‌లో. గంటలు అవే అయినా ముక్కలు చిన్నవైతే ప్రతి ముక్కలోనూ తరుగు పోతుంది. గుర్తు చేసుకోవడానికి పదిహేను నిమిషాలు, సర్దుకుని కూర్చోవడానికి పది, లేచే ముందు మరో పది. నాలుగు గంటల్లో ఈ తరుగు కనబడదు, రెండున్నర గంటల్లో గుచ్చుకుంటుంది.

యుద్ధాలు మరీను. ఒక రౌండ్, అంటే అందరికీ తలా ఒక వంతు, కథలో ఆరు సెకన్లు. మా బల్ల మీద అది ఇరవై నిమిషాలు. బ్యాంకులో పనిచేసే మిత్రుడు మాంత్రికుడి పాత్ర వేస్తాడు. తన వంతు వచ్చాకే మంత్రాల పేజీలు తిప్పడం మొదలుపెడతాడు, లోన్ దరఖాస్తు పరిశీలించినంత శ్రద్ధగా. ఒక సాయంత్రం గ్రాఫ్ కాగితం మీద చింతపిక్కలు పేర్చి ఉన్నాయి (అవి ఓర్క్‌లనే రాక్షసులు, మేము క్యారమ్ కాయిన్లం). వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఇతను ఇంకా చదువుతున్నాడు. రెండో కూత. చదువుతూనే ఉన్నాడు. మూడో కూతకు మాస్టారు, "సార్, అన్నం ఉడికింది, మీ మంత్రం ఇంకా ఉడకలేదు. మీ వంతు అయిపోయింది" అని పిక్క ముందుకు జరిపేశారు. ఆ రోజు మాంత్రికుడికి బాగానే దెబ్బలు తగిలాయి. మూడు కూతల నియమం అలా పుట్టింది. కుక్కర్ లేనప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాలు పెట్టుకుంటాము. నిజం చెప్పాలంటే మా ఆటను అన్నిటికన్నా ఎక్కువ బాగుచేసిన మార్పు ఇదే.

రెండో చిక్కు విశ్రాంతి. ఆ పుస్తకమే ఒక సాహస దినంలో ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ, కఠిన ఘర్షణలు తట్టుకోవచ్చని అంటుంది. మాకు ఒక సాయంత్రానికి పట్టేది ఒకటి, మహా అయితే రెండు. ఆ లెక్కన కథలో ఒక పగలు గడవడానికి మాకు రెండు నెలలు పడుతుంది. పోనీ ప్రతి సిట్టింగ్ చివర పాత్రలను పడుకోబెట్టేద్దామా అంటే, ఎనిమిది గంటల నిద్రతో మాంత్రికుడి మంత్రాలన్నీ తిరిగి వచ్చేస్తాయి. ఉన్న ఒక్క పోరాటంలోనూ అతనే అన్నీ కుమ్మరిస్తాడు, కత్తివీరుడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి. కత్తివీరుడు నేనే కనుక ఈ బాధ నాకు తెలుసు. గైడ్‌లోనే మందు కూడా ఉంది: రాత్రి నిద్రను చిన్న విశ్రాంతిగానూ, ఏడు రోజుల మజిలీని మంత్రాలన్నీ తిరిగి ఇచ్చే పెద్ద విశ్రాంతిగానూ లెక్కవేసే ఐచ్ఛిక నియమం. మేము రెండేళ్లు ఆలస్యంగా దాన్ని అందుకున్నాము. అప్పటి నుంచి పోరాటాలు వారం పొడవునా చెదురుగా పడుతున్నాయి, మాంత్రికుడు మంత్రాలను జీతం డబ్బులా ఆచితూచి వాడుతున్నాడు. కథలో కాలం కూడా కదులుతోంది: ఎండాకాలం పోయి వానలు పడ్డాయి, మేము కాపాడిన పిల్లవాడికి మీసాలు వచ్చాయి.

కథ మొత్తాన్ని పర్వాలుగా కోయడం మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు, పైడితల్లి అమ్మవారు నేర్పింది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ఆ ముందూ వెనకా మా ఊళ్లో ఏ ఇల్లూ ఖాళీగా ఉండదు. మా భోజనాల బల్ల మీద ఎవరి సూట్‌కేసో, దాని కింద ఎవరి పిల్లవాడో ఉంటాడు. సంక్రాంతికీ అంతే. మొదట్లో ఆ నెలలు కథను మధ్యలో నరికేసేవి. ఇప్పుడు దసరాకు ముందు ఒక పర్వం, సంక్రాంతికి ముందు చిన్నది ఒకటి, వేసవికి ముందు మరొకటి ముగిసేలా మాస్టారు ముందే కొలుచుకుంటారు. లెవెల్ పెరిగేది కూడా ముఖ్యంగా పర్వం చివరే. అనుభవ పాయింట్లు కూడబెట్టడం మానేశాము, 300 అయితే రెండో లెవెల్, 900 అయితే మూడు అంటూ లెక్క రాసే ఓపిక ఎవరికీ లేదు.

సిట్టింగ్ ముగించే తీరులోనూ ఒక దెబ్బ తిన్నాము. వారపత్రిక సీరియల్ చదివిన వయసు మాది. తలుపు సగం తెరుచుకోగానే "సశేషం" అనేయాలని మాస్టారికి మహా సరదా. ఒకసారి అలాగే ఆపారు. మధ్యలో ఒక పెళ్లి వచ్చి ఐదు వారాల తర్వాత కూర్చుంటే, తలుపు ఏ ఇంటిదో, కాగడా ఎవరి చేతిలో ఉందో ఒక్కరికీ గుర్తు లేదు. ఇప్పుడు వీలైనంత వరకు గొడవ ముగిశాకే ఆపుతున్నాము, లేచే ముందు "వచ్చేసారి ఎటు?" అన్నదానికి జవాబు చెప్పి మరీ వెళుతున్నాము. మాస్టారు ఆ ఒక్క దారే సిద్ధం చేసుకుంటే చాలు. ఉత్కంఠ తగ్గిందన్నది నిజమే. ఆయన ఇప్పటికీ దానికి గునుస్తూనే ఉంటారు.

పోయినవీ ఉన్నాయి. ఆ ఆరు గంటల ఆదివారాల్లో పిట్టకథలు ఉండేవి. సంతలో అనవసరంగా బేరమాడటం, సత్రం యజమానితో గంటసేపు కబుర్లు, ఎవరూ అడగని పాట కట్టడం. ఇప్పుడు ఎనిమిది దాటగానే చూపులు గోడ మీదకు పోతాయి, పిట్టకథ నోట్లోనే ఆగిపోతుంది. అందుకని ఏడాదికొకసారి వేసవి సెలవుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక పెద్ద ఆట పెట్టుకుంటున్నాము. ఒక్కసారే. రెండుసార్లు ప్రయత్నించిన ఏడాది ఇళ్లలో మాటలు తగ్గాయి.

ఉద్యోగాలు, బస్సులు, పిల్లలు ఉన్నవారికి రెండున్నర గంటలు నిక్షేపంగా సరిపోతాయి. హాస్టల్లో ఉన్న కుర్రవాళ్లకు నా సలహా పనికిరాదు, తెల్లవార్లూ ఆడుకోండి. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే మాత్రం నేను మూడో లెవెల్ నుంచే మొదలుపెడతాను. మొదటి లెవెల్‌లో ప్రాణం మరీ పలచన. మా మేనకోడలు తొలిసారి వచ్చినప్పుడు మాంత్రికురాలి పాత్ర తీసుకుంది, ఏడు ప్రాణాంకాలు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె). పేరు పెట్టడానికి అరగంట, బొమ్మ గీయడానికి అరగంట. మొదటి గాబ్లిన్ (గుజ్జు రాక్షసుడు) మొదటి వేటుకే మాస్టారికి ఇరవై పడింది, అంటే నష్టం పాచిక ఒకటికి రెండు. నష్టం పాచికలు రెండూ ఆరు, పైన మరో రెండు, వెరసి పద్నాలుగు. ఏడుకు రెట్టింపు కనుక స్పృహ తప్పడం లాంటి మధ్యదారి లేదు, నేరుగా చావే. అప్పటికి ఏడుంబావు. పిల్ల కాగితం కేసి చూసింది, నా కేసి చూసింది. "అయిపోయిందా మామయ్యా? ఇక నేను ఇంటికి వెళ్లిపోవాలా?"

మాస్టారు ఆ పాచికను ఆ తర్వాత మళ్లీ ముట్టుకోలేదు.