జయనగర్ పాతసామాన్ల ప్రదర్శన: కొనకపోయినా సరే, భూతద్దం తీసుకెళ్లండి

బెంగళూరు కె.ఆర్.పురంలో నాకు చిన్న మగ్గం వర్క్ షాపు ఉంది. రెండు మగ్గాలు, ముగ్గురం మనుషులం. ఆషాఢంలో పెళ్లి బ్లౌజులు రావు కాబట్టి పోయిన ఆషాఢంలో ఒక ఆదివారం షాపు మూసి, జయనగర్‌లో ఓ కల్యాణమండపంలో పెట్టిన పాతసామాన్ల ప్రదర్శనకి వెళ్లాను. మెట్రోలో మెజెస్టిక్ దాకా వెళ్లి, గ్రీన్ లైన్‌కి మారితే జయనగర్. ప్రదర్శన టికెట్ 50 రూపాయలు. పదింటికి లోపలికెళ్లి నాలుగున్నరకి బయటికొచ్చాను. మధ్యలో భోజనం సంగతే గుర్తు రాలేదు.

మొత్తం 40 స్టాళ్ల దాకా ఉన్నాయి. నాణేల దగ్గరే జనం ఎక్కువ. 1957లో నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ అణాలు, కానులు గిన్నెల్లో పోసి పెట్టారు, పిల్లలు ఏరుకుంటున్నారు. గ్రామఫోన్లు, గోడ గడియారాలు, కెమెరాలు కూడా చాలానే ఉన్నాయి. వాటి గురించి నాకు పెద్దగా తెలియదు కాబట్టి ముందుకి నడిచాను.

నా కాళ్లు మొదట ఆగింది ఇత్తడి కొలపాత్రల ముందు. గిద్ద, సోల, తవ్వ, మానిక వరసగా పేర్చి ఉన్నాయి. "సోలెడు బియ్యం పొయ్యి" అని మా నాయనమ్మ నోట రోజూ విన్నదాన్నే కానీ సోలని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. స్టాల్‌లో ఉన్నావిడది హిందూపురం వైపు. నా మొహం చూసి కందిపప్పు సంచీ తీసి గిద్దతో నాలుగుసార్లు సోలలోకి పోసింది, అంచుకి సరిగ్గా సరిపోయింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అంటూ అన్నీ పోసి చూపించింది. ఆ మానిక అంచు కింద మూడు సన్నగీతలు, వాటి మధ్య ఏటవాలు గాట్లు ఉన్నాయి. ఆవిణ్ణి అడిగి ఫోటో తీసుకున్నాను. మోచేతి బ్లౌజుకి అంచుగా అంతకంటే పొందికైన డిజైన్ నాకు ఈమధ్య తట్టలేదు. గిద్దని 340 రూపాయలకి కొన్నాను. ఆ రోజు నేను కొన్నది అదొక్కటే.

ఇక అసలు సంగతి. చివరి వరసలో ఓ పెద్దాయన రవివర్మ ప్రెస్ పటాలు పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో జరీతో కుట్టిన లక్ష్మీదేవి. పటం అచ్చువేసిందే. కానీ చీర, నగలు, కిరీటం అన్నిటిమీదా జరీ, చమ్కీ పని. అప్పట్లో అచ్చు పటాలు కొనుక్కుని ఇలా అలంకరించుకునేవాళ్లు. నేను వంగి చూస్తుంటే ఆయన నా వేళ్లకున్న సూది గుర్తులు చూసి, "ఏమ్మా, కుట్టుపనా?" అన్నారు. మగ్గం వర్క్ అని చెప్పాను. మూడేళ్ల కింద వేరేచోట ఇలాంటి లక్ష్మి పటమే, కుట్టు లేనిది, 4,500 పెట్టి కొన్నాననీ చెప్పాను.

కంసాలులు కంటికి పెట్టుకునే అద్దం ఇచ్చి, రెండు పటాలు పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో అమ్మవారి చెంప మీద నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా ఒకే లెక్కలో వరసలు కట్టి ఉన్నాయి. రెండోదాంట్లో చుక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, దేనికీ లెక్క లేదు. ముక్కు పక్కన దగ్గరగా, చెంప మీదికి వచ్చేసరికి దూరంగా ఉన్నాయి. "మొదటిది ఈ కాలపు ఆఫ్‌సెట్ మిషన్ అచ్చు. రెండోది రాతి అచ్చు. ఒక్కో రంగుకీ ఒక్కో రాయి, మనిషి కూర్చుని దానిమీద చేత్తో పెట్టిన చుక్కలమ్మా ఇవి" అన్నారు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్ అది. తర్వాత లోనావాలా దగ్గరికి మారింది. పటం కింద ఆ ప్రెస్ పేరు ఉందని నమ్మకూడదట, నకలు తీసేవాళ్లు ఆ పేరునీ కలిపే అచ్చువేస్తారు. నా ఫోన్‌లో మా ఇంటి పటాన్ని దగ్గరగా తీసిన ఫోటో ఒకటుంది. పెద్దది చేసి చూస్తే వరస కట్టిన పువ్వులే. మనసు చివుక్కుమంది. దాన్ని 100 ఏళ్ల నాటిదని చెప్పి అమ్మారు నాకు.

ఆయన ఓదార్చలేదు. కుట్టిన లక్ష్మిని నా ముందుకి జరిపి, "చమ్కీ చూడు" అన్నారు. నేను రోజూ వందలకొద్దీ కుట్టేది చమ్కీనే. అయినా అద్దంలో చూశాక తెలిసింది, ప్రతి చమ్కీకీ కన్నం నుంచి అంచు దాకా వెంట్రుకంత చీలిక ఉంది. మన ప్లాస్టిక్ చమ్కీలాగా రేకులోంచి గుండ్రంగా కొట్టినవి కావు. తీగని స్ప్రింగ్‌లా చుట్టి, ఒక్కో చుట్టూ తెంపి, ఆ చిన్న ఉంగరాన్ని సుత్తితో చదును చేసినవి. తీగ రెండు కొసలూ కలిసినచోట ఆ చీలిక మిగులుతుంది. అందుకే ఏ రెండూ ఒక్కలా లేవు, వెలుగు ఒక్కోదాని మీద ఒక్కోలా పడుతోంది. మిషన్ చమ్కీ కుట్టిన బ్లౌజు ఎందుకు రేకులా మెరుస్తుందో, పాత పని ఎందుకు నీళ్లలా కదులుతుందో అప్పుడు అర్థమైంది. పటం వెనక అట్ట కూడా తీసి చూపించారు. ఒక్కో చమ్కీ ముందుదాన్ని సగం కప్పేలా, చేప పొలుసుల్లా కుట్టారు. మూడింటికోసారి ముడి ఉంది. ఒకచోట దారం తెగినా ఊడింది రెండే. ఇక జరీ నల్లబడింది కానీ పచ్చబడలేదు. వెండి తీగైతే నలుపెక్కుతుంది, రాగైతే పచ్చగా చిలుము పడుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. సగం స్టాళ్లలో వస్తువు దేనిదో, ఎక్కడిదో రాసిన చీటీ లేదు, అమ్మేవాళ్లు బిజీగా ఉంటే చూసి వచ్చేయడమే. ఒకచోట "పాత" ఇత్తడి దీపాలని తడి రుమాలుతో తుడిస్తే నలుపు రుమాలుకి అంటింది. చెయ్యి పట్టుకునే చోట అరుగుదలే లేదు. నేను చూసింది పక్కావిడకి చెబితే ఆవిడ కొనడం మానేశారు. ఇంకో మాట, పాత విగ్రహాలు చూపించే స్టాళ్లలో కాగితాలు అడగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్స్ ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ చీటీలు పెట్టనందుకు తగ్గించాను. కుట్టుపని, చెక్కపని, బొమ్మలు, ఏ చేతిపని చేసేవాళ్లైనా ఆదివారం పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం దాటాక మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

వచ్చేటప్పుడు పెద్దాయన "కుట్టి తీసుకురా, చూస్తా" అన్నారు. మర్నాడే సన్న రాగితీగ తెచ్చి, లావు సూదికి చుట్టి, ఉంగరాలు తెంపి, ఇనపదిమ్మె మీద కొట్టాను. మొదటి 40 కోలగా వచ్చాయి, కొన్ని చీలిక దగ్గర విచ్చుకున్నాయి. ఇప్పటికి 60 గుండ్రంగా వచ్చాయి. ఆకుపచ్చ పట్టుముక్క మీద పొలుసుల వరస కుట్టడం మొదలుపెట్టాను. పైన మానిక అంచు గీతలు, కింద ఈ చమ్కీలు. వచ్చే ప్రదర్శన నాటికి ఒక చెయ్యి అన్నా పూర్తి చేసి ఆయనకి చూపించాలి.