ఇంజెక్టర్ సీల్ కిట్: సరుకు మంచిదే, సూచనల కాగితమే అరకొర

ఇంజిన్ నుంచి ఆగి ఆగి బుస్సుమనే శబ్దం రావడం, ఒక ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) మొదలు దగ్గర తారులాంటి నల్లటి మసి గడ్డకట్టడం చూసి, సిలిండర్ వాయువులు అడుగున ఉన్న రాగి వాషర్‌ను దాటి పైకి వస్తున్నాయని గ్రహించి, నా డీజిల్ ట్రక్కు కోసం ఈ సీల్ కిట్ తెప్పించాను. వాషర్ మందాన్ని బట్టే నాజిల్ (ఇంజెక్టర్ మొన) దహన గదిలోకి ఎంత పొడుచుకు వస్తుందో నిర్ణయమవుతుంది కనుక, కిట్‌లోని వాషర్లన్నింటినీ మైక్రోమీటరుతో కొలిచాను. పాత వాటి స్థానంలో వేయవలసిన మందమే ఉంది. ఓ-రింగులు (గుండ్రటి సీళ్లు) డీజిల్‌నూ వేడినీ తట్టుకునే ఫ్లోరోరబ్బరువి, శుభ్రమైన డీజిల్ రాస్తే చిట్లకుండా గాడిలో కూర్చున్నాయి.

లోపమంతా సూచనల కాగితంలోనే ఉంది. వాషర్ కూర్చునే చోట పాత మసి కాస్త మిగిలినా కొత్త వాషర్ కూడా కారుతుందన్న అసలు సంగతి అందులో లేదు. ఆ మసి గీకడానికే నాకు సగం రోజు పట్టింది. రంధ్రం అడుగును మూసి, పొడిని పట్టి ఉంచేలా మసి గీకే కట్టర్‌కు గ్రీజు పూయడం నాకు ముందే తెలిసి ఉండడం అదృష్టం. కామన్ రైల్ ఇంజిన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే అధిక పీడన గొట్టం నుంచి డీజిల్ అందేవి) పీడనం 1,600 బార్లు దాటవచ్చు కాబట్టి, ఇంజిన్ ఆపిన వెంటనే పైపులు విప్పకూడదన్న హెచ్చరిక సైతం కనిపించలేదు. నా ఇంజిన్‌కు తప్పనిసరిగా మార్చవలసిన బిగింపు బోల్టులు కిట్‌లో లేకపోవడంతో విడిగా కొన్నాను. టార్క్ (బోల్టును ఎంత బలంగా బిగించాలన్న) విలువలను వాహన తయారీదారు మాన్యువల్‌లోనే చూసుకోవాలి.