పల్లెటూరి స్పెషల్ స్కూల్లో మా పాపకు ఏడాది

మా పాపకు తొమ్మిదేళ్లు, డౌన్ సిండ్రోమ్. ఊరికి దగ్గర్లో ఉన్న స్పెషల్ స్కూల్లో చేర్చి ఏడాదైంది. స్కూలు పేరు రాయడం లేదు, కింద ఫిర్యాదులున్నాయి, ఉన్న ఒక్క స్కూలుకీ చెడ్డపేరు తేవాలని నాకు లేదు.

చేర్చిన వారంలోనే టీచరమ్మ "ముందు చెవులు చూపించుకుని రండమ్మా" అని పంపించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి కర్ణభేరి వెనక నీరు చేరడం మామూలేనట. చూపిస్తే నిజంగానే రెండు చెవుల్లోనూ నీరు. పిలిస్తే పలకదు, ఒట్టి మొండి అని ఇన్నాళ్లూ దాన్ని కసిరాను. పిల్లకి సరిగ్గా వినపడలేదంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంతకుముందు పరీక్ష చేసినవాళ్లు ఐక్యూ అంకె ఒకటి చెప్పి ఊరుకున్నారు. మేధో వైకల్యం అనడానికి ఐక్యూ సుమారు 70 లోపు ఉంటే చాలదు, తినడం, బట్టలు వేసుకోవడం, మాట్లాడటం, నలుగురిలో మెలగడం లాంటివాటిలో పిల్లకి ఎంత సాయం కావాలో కూడా చూడాలి, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక, ఎదుగుదల సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం తీవ్రత ఎంతో తేల్చేది కూడా దీన్ని బట్టే. ఈ స్కూల్లో అక్కణ్ణుంచే మొదలుపెట్టారు.

పాప చొక్కాకి ఐదు గుండీలు. నాలుగు టీచరమ్మే పెట్టి, ఐదోది కాజాలోకి సగం దూర్చి వదిలేసేవారు, పాప లాగితే చాలు. అది వచ్చాక ఐదోది మొత్తం, తర్వాత నాలుగూ ఐదూ, అలా చివరి నుంచి వెనక్కి. ప్రతిసారీ పని పూర్తి చేసేది పాపే కాబట్టి దాని మొహం వెలిగిపోయేది. నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు నేను చెయ్యి వేస్తే తోసేస్తుంది!

స్పీచ్ థెరపిస్టు పదిహేను రోజులకోసారి వస్తారు, ఆ రోజు సెలవైతే ఇక నెలే. ప్రోగ్రెస్ రిపోర్టులో "బాగుంది" తప్ప ఏమీ రాయరు, ఏం నేర్పుతున్నారో రాసిస్తే ఇంట్లో మేమూ అలాగే చేయిస్తాం కదా.

అసలు బాధ వేరే. త్వరగా నేర్చుకునే పిల్లల చుట్టూనే టీచర్లు ఉంటారు. పాప క్లాసులో ఆసరా లేనిదే కూర్చోలేని బాబు ఒకడున్నాడు, ఒకరోజు పొద్దున దింపినప్పుడు గోడ పక్కన చాప మీద చూశాను, సాయంత్రం వెళ్తే అక్కడే, అలాగే ఉన్నాడు. వాళ్లమ్మతో అంటే "చేర్చుకున్నారు, అదే పదివేలు అక్కా" అంది. వాడికీ నేర్పాల్సినవి ఉన్నాయి, రెండు బొమ్మలు చూపిస్తే కావాల్సినదాని వైపు చూడటం, ఆకలేస్తే చెయ్యి కదిలించి చెప్పడం. టీచరమ్మని అడిగితే ఇద్దరమే ఇరవై రెండు మందిని చూస్తున్నాం అన్నారు. నిజమే, నేనూ చూస్తున్నాను. కానీ మనుషులు చాలనప్పుడల్లా ఆ లోటు వాడి మీదే పడుతోంది.

ఐదుకి మూడు స్టార్లు. రెండు ఎందుకు తగ్గించానో టీచరమ్మకి ముందే చెప్పాను, వచ్చే నెల నుంచి రోజూ అరగంట ఒకరు బాబు పక్కన కూర్చునేలా చూస్తామన్నారు. కూర్చుంటే వచ్చి ఈ రివ్యూ మారుస్తాను.