మెట్ల మీద పియానో: తిరుపతి వాళ్ళు తప్పక చూడాల్సిన 29 నిమిషాలు

నిన్న రాత్రి మా అవ్వని పక్కన కూర్చోబెట్టుకుని హాలీవుడ్ హాస్యజంట లారెల్ అండ్ హార్డీ నటించిన ‘ద మ్యూజిక్ బాక్స్’ మళ్ళీ చూశాను. 1932 నాటి సినిమా, బ్లాక్ అండ్ వైట్. హాస్య లఘుచిత్రాలకు ఆస్కార్ మొదలుపెట్టిన ఏడాదే దీనికి ఇచ్చారు, ఇచ్చి మంచి పని చేశారు.

కథంటే పెద్దగా ఏమీ లేదు. పెద్ద చెక్కపెట్టెలో పియానో, దాన్ని డెలివరీ చేయాల్సిన ఇద్దరు, ఇల్లేమో నిట్టనిలువు మెట్ల పైన. సగం దాకా మోస్తారు, ఉయ్యాలబండి తోసుకుంటూ ఒకామె ఎదురొస్తుంది, దారిద్దామని పక్కకి జరిగేసరికి పెట్టె జారి దడదడమని రోడ్డు దాకా పోతుంది, మళ్ళీ మొదటి నుంచి. ఇంకోసారి హార్డీని కూడా ఈడ్చుకుని పోతుంది. పెట్టె దొర్లే ప్రతిసారీ లోపల తీగలు ఘొల్లుమంటాయి చూడండి, ఆ చప్పుడుకే నాకు కడుపు నొప్పి వచ్చింది.

అసలు సంగతి పైకి చేరాక ఉంది. ముందే చెప్పేస్తున్నాను, తెలిసి చూసినా నవ్వు తగ్గదు. పోస్ట్‌మ్యాన్ వచ్చి, కొండ చుట్టూ రోడ్డుందే, బండి మీదే తీసుకురావచ్చు కదా అంటాడు. అప్పుడు వాళ్ళు ఏం చేస్తారు? అంత కష్టపడి పైకి తెచ్చిన పియానోని మళ్ళీ అన్ని మెట్లూ దించి, బండెక్కించి, ఆ రోడ్డు మీదుగా తీసుకొస్తారు! ఇద్దరి ముఖాల్లో ఒక్క అనుమానం కూడా ఉండదు, రోడ్డుంటే రోడ్డు మీదే రావాలి, అంతే. అక్కడే నాకు ఈ సినిమా మీద ప్రేమ పుట్టింది.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాని అవ్వ అప్పుడు నా చెయ్యి పట్టుకుని, “పైకి తెచ్చినాక మళ్ళీ కిందికి దేనికి నాయనా?” అంటూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎన్నోసార్లు ఎక్కిన మనిషి ఆమె, మోకాళ్ళ పర్వతం దగ్గర ఊపిరి ఎలా ఆడుతుందో తెలుసు, ఘాట్ రోడ్డు బస్సూ తెలుసు. అందుకే ఈ సీను మనకి తగిలినట్టు ఇంకో ఊరివాళ్ళకి తగలదని నా నమ్మకం. ఆ మెట్లు నేటికీ లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాయట, అవి 130 పైచిలుకేనని చెబితే “అంతేనా!” అంది.

ఇంట్లోకి చేరాక జరిగే గందరగోళం కొంచెం సాగినట్టు అనిపించింది. కానీ పియానో అంటేనే మంటెత్తే ఇంటాయన గొడ్డలి తీసుకుని దాన్ని నరుకుతుంటే, అది తనంతట తానే మోగే రకం పియానో కదా, అందులోంచి అమెరికా జాతీయగీతం మొదలవుతుంది, ముగ్గురూ టక్కున ఆగి సెల్యూట్ చేస్తారు, పాట అయ్యాక మళ్ళీ నరుకుడు!

రంగులద్దిన ప్రింట్ కూడా ఉంది, అది వద్దు, నలుపు తెలుపుదే చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మేము ఆదివారం మళ్ళీ పెడుతున్నాం, ఈసారి పక్కింటి పిల్లలు కూడా వస్తున్నారు.