అండమాన్ ప్యాకేజీ కొంటున్నారా? ఫెర్రీ టికెట్ చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు కట్టకండి

సంక్రాంతి సెలవులకి అండమాన్ అనుకుంటున్నవాళ్లు ఈపాటికి ప్యాకేజీలు వెతకడం మొదలుపెట్టే ఉంటారు. మొదటిసారి వెళ్లేవాళ్లు కాస్త ఓపిగ్గా ఇది చదవండి. హోటల్ ఎలా ఉంది, భోజనం ఉందా లేదా అన్నవి తర్వాత. అక్కడ ట్రిప్పు మొత్తం నిలబడేది దీవి నుంచి దీవికి తీసుకెళ్లే ఫెర్రీ (ప్రయాణికుల పడవ) మీద. మోసం జరిగేదీ అక్కడే.

మేం పోయిన డిసెంబరు చివర్లో వెళ్లాం. మా ఆవిడ, పిల్లలు, మా అత్తగారు. విమానం టికెట్లు మేమే కొనుక్కున్నాం. హోటళ్లు, ఫెర్రీలు, కార్లు, నాకూ మా ఆవిడకీ స్కూబా (సముద్రం లోపలికి దిగే డైవింగ్), ఇవన్నీ కలిపి మనిషికి 24 వేల చొప్పున ఒక ట్రావెల్ ఏజెంటుతో మాట్లాడుకున్నాం. సగం అడ్వాన్సు, మిగతాది బయల్దేరడానికి వారం ముందు. డబ్బంతా వెళ్లాక వాట్సాప్‌లో రంగురంగుల వోచర్ ఒకటి వచ్చింది. హోటళ్ల పేర్లు, తేదీలు, 'ప్రైవేట్ ఫెర్రీ కన్ఫర్మ్' అంటూ పక్కన పచ్చ టిక్కులు. పీఎన్‌ఆర్ (బుకింగ్) నంబరు మాత్రం ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే, "టికెట్లు జెట్టీ (పడవల రేవు) దగ్గర మా మనిషి చేతికిస్తాడు సార్, టెన్షన్ పడకండి" అన్నాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో మాకు తగిలిన కారు డ్రైవరు తెలుగాయన. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. అక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు, కాబట్టి భాషకి ఇబ్బంది ఉండదు. సెల్యులార్ జైలు చూసి వస్తుంటే ఆయనే అడిగాడు, "అన్నా, రేపటి ఫెర్రీకి మీ చేతిలో ఉన్నది టికెట్టా, వోచరా?" అని. వోచర్ అన్నాను. ఆయన అద్దంలోంచి ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ఆ రాత్రే ఏజెంటు మెసేజ్ పెట్టాడు. ఫెర్రీకి టెక్నికల్ ప్రాబ్లమ్ వచ్చింది, రేపు ఉదయం ట్రిప్పు క్యాన్సిల్ అని. పొద్దున్నే హడ్డో జెట్టీకి వెళ్లి కౌంటర్‌లో కనుక్కుంటే ఆ ఫెర్రీ నిండా జనంతో టైముకే వెళ్లిపోయింది. మా పేర్ల మీద అసలు బుకింగే లేదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే, సీజన్ కదా, మనిషికి మరో రెండు వేలు పంపితే మర్నాటికి చూస్తానన్నాడు!

పంపలేదు. డ్రైవరు సాయంతో ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్లి, క్యూలో నిలబడి, మధ్యాహ్నం ప్రభుత్వ ఫెర్రీకి టికెట్లు తీసుకున్నాం. దొరకడం మా అదృష్టం. మేం వెళ్లాల్సిన హేవ్‌లాక్ దీవికి ప్రైవేట్ ఫెర్రీలు గంటన్నరలో చేరుస్తాయి, ప్రభుత్వానిది రెండు గంటలు దాటుతుంది. ఛార్జీ బాగా తక్కువ, పడవలూ బాగానే ఉన్నాయి, వాటి మీద నాకేం ఫిర్యాదు లేదు. కానీ మేం హేవ్‌లాక్‌లో దిగేసరికి పొద్దు వాలిపోయింది. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది తట్టదు. గడియారం మనదే అయినా ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి సూర్యుడు మనకంటే, ఊరిని బట్టి, సుమారు 40 నిమిషాల నుంచి గంట దాకా ముందు నడుస్తాడు. డిసెంబరులో అయిదింటి ప్రాంతంలోనే అస్తమయం. ఉదయం ఫెర్రీ పోయిందంటే పూట కాదు, రోజంతా పోయినట్టే. రాధానగర్ బీచ్‌లో ఆ సాయంత్రం చూడాల్సిన సూర్యాస్తమయం మాకు అలా పోయింది.

హోటల్ సంగతీ అంతే. బీచ్ పక్కనే అన్న రిసార్టులో మా పేర్లు లేవు. వోచర్ అడుగున చిన్న అక్షరాల్లో 'లేదా ఇదే స్థాయి హోటల్' అని ఉందిట. ఆ స్థాయి ఏమిటంటే, సముద్రానికి దూరంగా వక్కతోటల వెనక ఒక గది. స్కూబా కాస్తా ఎలిఫెంట్ బీచ్‌లో కాసేపు నీటిపైన తేలుతూ చూసే స్నార్కెలింగ్ అయింది. అసలు అతను స్కూబా పెట్టింది విమానం ఎక్కే రోజు పొద్దున. డైవ్ చేశాక కనీసం 12 గంటలు, వీలైతే రోజంతా విమానం ఎక్కకూడదు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఇది డైవింగ్ నేర్పే ప్రతివాళ్లూ చెప్పే మొదటి సంగతి. ప్యాకేజీ రాసినవాడికి అది తెలియదు, లేదా పట్టదు. మీ ప్లాన్‌లో స్కూబా ఆఖరి రోజుకి పెట్టి ఉంటే అక్కడే ఆ ఏజెంటు సంగతి అర్థం చేసుకోండి.

కాబట్టి పూర్తి డబ్బు కట్టేముందు అడగాల్సింది పీఎన్‌ఆర్. ప్రైవేట్ ఫెర్రీ అయితే మీ పేరు, సీటు నంబరు ఉన్న టికెట్ వస్తుంది, పేరు ఆధార్ కార్డులో ఉన్నట్టే ఉండాలి, జెట్టీలో చూస్తారు. ఆ నంబరుతో ఫెర్రీ కంపెనీకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. హోటల్‌కి కూడా నేరుగా ఫోన్ చేసి ఎన్ని రాత్రులకి, ఎవరి పేరు మీద బుక్ అయిందో అడగండి. మాకు ఒక రాత్రికే కట్టి ఉంది. టికెట్ మీద హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అని రాస్తే కంగారుపడకండి, 2018 నుంచి అవే పేర్లు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. డబ్బు మనిషి సొంత యూపీఐకి కాకుండా కంపెనీ ఖాతాకే పంపండి, జీఎస్‌టీ బిల్లు అడగండి. తిరుగు ఫెర్రీ, విమానం ఒకే రోజు ఎవరు పెట్టినా ఒప్పుకోకండి. సముద్రం బాగోలేకపోతే ఫెర్రీలు నిజంగానే ఆగిపోతాయి, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి.

ఇంకో మాట. బారాటాంగ్ వెళ్లే దారిలో జరావా తెగవాళ్లను చూపిస్తామని ఊరించే ఏజెంట్లు ఉన్నారు. ఆ దారి వాళ్ల అడవిలోంచే పోతుంది కాబట్టి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి పోలీసు కాన్వాయ్‌లో, బండి ఆపకుండా వెళ్లాలి. ఫొటో తీసినా, తినడానికి ఏదైనా ఇచ్చినా నేరమే. అది జంతు ప్రదర్శన కాదు, మనుషులు. అలాంటి మాట వినబడగానే ఫోన్ పెట్టేయండి.

మేం తిరిగొచ్చాక రీఫండ్ అడిగితే ఫెర్రీ డబ్బులు మాత్రం, అదీ కొంత కోసుకుని వేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం, ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉన్న ఊళ్లోనే వేయొచ్చు, ఏజెంటు ఊరికి తిరగక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వోచర్, చాట్లు, యూపీఐ రసీదులు, జెట్టీలో కొన్న టికెట్లు అన్నీ దాచి ఉంచాను. డబ్బు తీసుకుని మనిషే మాయమైపోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాలకి.

కేసు వేస్తున్నాం కాబట్టి ఏజెంటు పేరు ఇక్కడ రాయడం లేదు. నిన్న చూస్తే సంక్రాంతి ఆఫర్ అని మళ్లీ అదే ప్యాకేజీ పెట్టాడు. అదే రిసార్టు ఫొటో, రేటు మాత్రం రెండు వేలు తగ్గించాడు.