ఎస్టేట్ సేల్‌లో కొన్న చిన్న ఎనామిల్ గడియారం: కొన్నేళ్లు వాడాక

టైము చూసుకోవడానికే అయితే ఇలాంటి గడియారం కొనకండి. వారానికి ఒకటి రెండు నిమిషాలు తేడా వస్తుంది. వారం వారం కీ ఇవ్వాలి. రిపేరుకు కొన్న ధర కంటే రెట్టింపు పైనే అయింది. ఇవన్నీ తెలిశాక కూడా మళ్లీ దొరికితే మళ్లీ కొంటాను, ఎందుకో చెబుతాను.

మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడ ఇంటి పెద్దవాళ్లు పోయినా, పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారుతున్నా, సామానంతా ఉన్నచోటే ఉంచి ధర చీటీలు అంటించి అమ్మేస్తారు. అదే ఎస్టేట్ సేల్. నడిపేది ఎక్కువగా కమీషన్ మీద పనిచేసే కంపెనీలు. మామూలుగా శుక్రవారమో శనివారమో మొదలవుతుంది. మొదటి రోజు బేరమాడినా పెద్దగా ఫలితం ఉండదు. చివరి రోజు చాలాచోట్ల సగం ధరకే ఇచ్చేస్తారు, కానీ అప్పటికి మంచివి మిగలాలి కదా. కొన్న వస్తువు వెనక్కి తీసుకోరు. ఎవరివో బీరువాలు, ఎవరివో వంటగది డబ్బాలు తెరిచి చూడటం మొదట్లో కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది, అది మంచిదో కాదో మరి.

నాది కొవిడ్‌కు ముందు ఏడాది దొరికింది. రెండున్నర అంగుళాల చదరం. ముందు వైపు వెండి, దాని మీద లేత నీలం ఎనామిల్ (అంటే కాల్చి పట్టించిన రంగుగాజు పూత), వెనక మడత కాలు. లోపల ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే స్విస్ మిషను. చీటీ మీద 180 డాలర్లు. చివరి రోజు కాబట్టి 90కి వచ్చింది. అది చివరిదాకా మిగలడానికి కారణం ఒకటే, అది నడవడం లేదు. వచ్చినవాళ్లంతా చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కిందపెట్టి వెళ్లిపోయారు.

పాత గడియారాలు కొనేవాళ్లలో చాలామంది చేసే పనే ఇది. నా లెక్క వేరు. ఆగిపోయిన మిషనును బాగుచేయొచ్చు. పగిలిన ఎనామిల్‌ను మళ్లీ మునుపటిలా చేయడం దాదాపు అసాధ్యం.

ఈ రకం ఎనామిల్‌ను గియోషే అంటారు. ముందు వెండి రేకు మీద ప్రత్యేకమైన లేతు మిషనుతో సన్నటి అలలు, కిరణాలు చెక్కుతారు. దాని మీద రంగుగాజు పొడి పరిచి, సుమారు 800 డిగ్రీల వేడిలో కాలుస్తారు. గాజు కరిగి రేకును పట్టుకుంటుంది. ఒక పూతతో అయిపోదు, పూత మీద పూత వేసి ప్రతిసారీ కాల్చాలి. నీలం కోబాల్ట్‌తో వస్తుంది. పైన గాజు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కిందనున్న గీతల మీద వెలుగు పడి, గడియారాన్ని అటూ ఇటూ వంచితే అలలు కదిలినట్టు కనిపిస్తాయి. రష్యాలో ఫాబర్జే అనే నగల వ్యాపారి దీనికి పెద్ద పేరు తెచ్చాడు. మన మీనాకారీ నగల్లో కూడా లోహాన్ని చెక్కి గాజురంగు నింపి కాల్చడమే, కాకపోతే అక్కడ చెక్కేది చెయ్యి.

ఇప్పుడు ఒక మూల పెచ్చు లేచిందనుకోండి. అక్కడ కొత్త గాజు పోసి కాల్చాలంటే మొత్తం రేకును మళ్లీ కొలిమిలో పెట్టాలి. పాత పూత పగలొచ్చు, రంగు మారొచ్చు, వెండి అతుకులు కరిగిపోవచ్చు. అందుకే ఎక్కువమంది రంగు కలిపిన రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి జిగురు) నింపి సరిపెడతారు. దూరం నుంచి బాగానే ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం ఆ ముక్క మీద వెలుగు ఆడదు, చచ్చినట్టు ఉంటుంది. కొనేటప్పుడు ఫోను లైటు పక్కనుంచి వేసి, మూలలూ అంచులూ చూడండి. వెంట్రుక పగుళ్లు అప్పుడే బయటపడతాయి. నా దానికి కింది అంచున అలాంటిది ఒకటుంది. ఇన్నేళ్లలో పెరగలేదు.

రిపేరు సంగతి. మొదట అడిగిన దుకాణంలో "లోపలిది తీసేసి బ్యాటరీ మిషను పెట్టేస్తాం, చవకలో అయిపోతుంది" అన్నారు. ఒప్పుకోలేదు. ఇలా గుండె మార్చేసిన గడియారాలు సేల్స్‌లో బోలెడు కనిపిస్తాయి, వెనక కీ ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని కొలంబియాలో గడియారాలు సేకరించేవాళ్ల జాతీయ సంఘానికి మ్యూజియం ఉంది. ఆ సంఘంలో సభ్యుడైన ఒకాయన ద్వారా పాత మిషన్లు చేసే పెద్దాయన దొరికాడు. ఆయన తీసుకున్నది 220 డాలర్లు. విరిగిందేమీ లేదు. నూనె ఎండి జిగురైపోయింది, అంతే. ఆయన చెప్పిన ఇంకో మాట: "ఓవర్‌వైండ్ అయి ఆగిపోయింది" అని చీటీ మీద రాస్తే నమ్మొద్దట. కీ నిండా ఇచ్చినంత మాత్రాన గడియారం ఆగదు. మురికి వల్లో ఎండిన నూనె వల్లో ఆగుతుంది. అలా రాసి ఉంటే నేను లోపల సంతోషిస్తాను, ధర తగ్గుతుంది కాబట్టి.

వాడకంలో తెలిసినవి కొన్ని. ఎనిమిది రోజులని పేరే గానీ ఏడో రోజు దాటనివ్వకూడదు. స్ప్రింగు బలం తగ్గేకొద్దీ నడక మారుతుంది. నేను ఆదివారం పొద్దున కీ ఇస్తాను. వెనక ఎ, ఆర్ అక్షరాల మధ్య చిన్న ముల్లు ఉంటుంది. ఎ వైపు జరిపితే వేగం పెరుగుతుంది, ఆర్ వైపు జరిపితే తగ్గుతుంది. వెంట్రుకవాసి జరిపితే చాలు. టేబుల్ మీద ఎలా నిలబెడతారో అలాగే ఉంచి సరిచేసుకోవాలి, పడుకోబెట్టి సరిచేస్తే నిలబెట్టాక లెక్క తప్పుతుంది.

చప్పుడు చిన్నదే గానీ సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. మా ఆవిడ మొదటి వారంలోనే బెడ్‌రూము నుంచి పంపించేసింది. పగలు పని టేబుల్ మీద ఉంటే వినపడనే వినపడదు.

వెండి అంచు నల్లబడుతుంది. మనిళ్లలో వెండి సామాను విబూదితోనో పీతాంబరితోనో తోముతాం కదా, దీని దగ్గరకు ఆ పొడులు తేవద్దు. సందుల్లోంచి లోపలికి పోతాయి, గాజు మెరుపు కూడా తగ్గుతుంది. ముంచి తీసే ద్రావణాలూ వద్దు, పగుళ్లలోకి దిగుతాయి. మెత్తటి పొడిగుడ్డ చాలు. చలికాలం హీటరు గాలి నేరుగా తగలకుండా చూసుకోవాలి.

ఇంకొకటి. అంకెల మీదా ముళ్ల మీదా గోధుమరంగుకు తిరిగిన పూత ఉంటే అది రేడియం కావచ్చు. స్టిక్కర్ల రేడియం కాదు, ఒంటికి హాని చేసే అసలు రేడియోధార్మిక రేడియం. చీకట్లో మెరవడం లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ పాడైపోతుంది గానీ రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. మా రాష్ట్రంలోనే ఆరెంజ్ అనే ఊళ్లో ఆ పూత వేసిన అమ్మాయిలు కుంచె మొన పెదాలతో సన్నం చేసుకుని జబ్బుపడ్డారు. వాళ్లలో కొందరు కంపెనీ మీద వేసిన కేసు 1928లో రాజీతో ముగిసింది. అద్దం మూసి ఉంటే పక్కన పెట్టుకునేవాళ్లు ఉన్నారు. నేనైతే అలాంటివి ముట్టుకోను, విప్పి బాగుచేయమని ఎవరికీ ఇవ్వను కూడా.

ధర విషయానికొస్తే, వెనక స్టెర్లింగ్ (92.5 శాతం వెండి) ముద్ర ఉండి, ఎనామిల్ నిండుగా ఉంటే, ఆగిపోయినదానికైనా వంద డాలర్ల దాకా పెడతాను. మూల పెచ్చు లేచిందైతే, ఎంత చక్కగా టిక్‌టిక్‌మంటున్నా ఇరవై దాటను.